తడి పీచు

1997 ఏప్రిల్ 9, బుధవారం

ఆరు దిమ్మలలో అయిదు నా పక్షాన నిలిచాయి. ఆరోది నిలవలేదు.

ఈ వాక్యాన్ని ఇంకెక్కడా రాయబోను గనుక ఇక్కడ రాస్తున్నాను. కంకరలో కొబ్బరి పీచు, తారు కలిపి, అచ్చులో పోసి, ఒక్కో పక్క డెబ్బై అయిదు దెబ్బలు కొట్టి బిగించిన దిమ్మలివి. అరవై డిగ్రీల నీళ్లలో ఒక రోజంతా నానబెట్టి యంత్రంలో నొక్కితే, నానని దిమ్మ బలంలో కనీసం ముప్పాతిక వంతు మిగలాలి. పీచు లేని మామూలు దిమ్మలకు డెబ్బై తొమ్మిది శాతం మిగిలింది. పీచు కలిపిన అయిదింటికీ ఎనభై ఆరుకు తగ్గలేదు. ఏడాదిగా నేను చేస్తున్న వాదం ఈ ఒక్క పోలికతో రుజువైంది. తారు రోడ్డుకు పీచు బలం.

ఆరోదానికి నలభై ఎనిమిది.

ప్రయోగశాలలో నాకు తోడుండే ఫణీంద్ర ఆ అంకెను రెండుసార్లు చదివి, "దమయంతీ, ఇది కరెంటు పోయిన దినం చేసింది గద? ఓవెన్ బందయింది. పీచు ఎండబెట్టకుండ సంచిలకెల్లి తీసి అట్లనే కలిపినం" అన్నాడు.

"దెబ్బలు నువ్వు తప్పు లెక్కపెట్టి ఉంటావు."

"నేను తప్పు లెక్కపెట్టలే."

"పెట్టలేదని నిరూపించు."

కొట్టేసిన దెబ్బలను ఎవరు నిరూపించగలరు? నవ్వి ఊరుకున్నాడు. మిగిలిన వాటికి మరీ దూరంగా పడిన ఫలితాన్ని, కారణం రాసి, సరాసరిలోంచి తీసివేయవచ్చునని నియమం ఉంది. ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన "బిగింపులో లోపం" అని కారణం రాశాను. నియమాన్ని అక్షరాలా పాటించాను.

ఏప్రిల్ 11

నియమాన్ని పాటించాను. దీని గురించి మళ్లీ ఆలోచించనవసరం లేదు.

ఏప్రిల్ 28, సోమవారం

కాలేజీ సెమినార్‌లో నలభై నిమిషాలు మాట్లాడాను. మా ప్రొఫెసర్ గారు మొదటి వరుసలో కళ్లు మూసుకుని విన్నారు; ఆయన కళ్లు మూసుకుంటే మెచ్చుకుంటున్నట్టు. పక్కన మా పేటల రోడ్లు చూసే కార్పొరేషన్ ఇంజినీరు రాఘవేందర్ గారు. ఆయన ఒప్పుకుంటేనే నా పరిశోధన ప్రయోగశాల గడప దాటి వీధిలోకి వస్తుంది. ఒప్పుకోకపోతే వంద దిమ్మల మీద రాసిన మరో ఎంటెక్ పుస్తకమై అల్మారాలో పడుకుంటుంది.

"ఈ నగరం ప్రతి ఏడాది జూన్‌లో తన రోడ్లను పోగొట్టుకుని, అక్టోబరులో వాటిని తిరిగి కొనుక్కుంటుంది. దీనిని మనం మరమ్మతు అంటున్నాం, నేను మతిమరుపు అంటాను" అని మొదలుపెట్టాను. చప్పట్లు. చప్పట్ల కోసం అనలేదు గానీ, వస్తాయని తెలిసే అన్నాను.

రాఘవేందర్ గారు ఒకే ప్రశ్న వేశారు: "తడిసినప్పుడు సంగతి?"

"ఎనభై ఆరు శాతానికి తగ్గలేదండి" అన్నాను. తడిసిన రోడ్డు గురించే అడిగారని అప్పుడు అనుకున్నాను. తడిసిన పీచు గురించి అడిగారేమోనని ఇంటికొచ్చాక తోచింది. అడిగినదానికి జవాబిచ్చాను, అడగనిదానికి ఇవ్వాల్సిన పని లేదు.

అశోక్‌నగర్‌లో అరవై మీటర్ల వీధి ఇచ్చారు. వానాకాలంలోపు వేసెయ్యాలి. అది నిలిస్తే ఆగస్టులో నా ఎంటెక్ పుస్తకం ఇచ్చేయవచ్చు, ఆ వెంటనే కాలేజీలో ఖాళీ అయ్యే లెక్చరర్ ఉద్యోగం. రెండూ ప్రొఫెసర్ గారి నోటివెంటే వచ్చాయి.

భోజనాల దగ్గర ఇదంతా చెబుతూ అమ్మతో కూర గురించి కూడా వాదించానట. నాన్న పళ్లెం జరుపుకుంటూ, "నీతోని మాట్లాడాలంటే వకీలును పెట్టుకోవాలె బిడ్డా" అన్నాడు.

మే 23, శుక్రవారం

సాయంత్రం అరగంట గాలివాన. చిక్కడపల్లి మెయిన్ రోడ్డంతా రేకులు, కొమ్మలు. పీచు కట్టలు రాఘవేందర్ గారి ఆఫీసు షెడ్డులో ఉన్నాయి. పైన కప్పిన టార్పాలిన్ లేచిపోయిందని ఫోను వచ్చింది. పై కట్టలు కొంచెం చెమ్మగిల్లాయట. కొంచెమే.

మే 24, శనివారం

వేసేశాం.

పొద్దున ఏడింటికే వీధి రెండు కొసలా తాళ్లు కట్టారు. తారు పీపాల కింద మంట, కంకర వేడెక్కే మిక్సర్, దాని పక్కన ఉప్పలయ్య. కాంట్రాక్టరు దగ్గర మిక్సర్ పనికి పెద్ద. కవాడిగూడ మనిషి. ముప్పై ఏళ్లుగా తారు పనిలోనే ఉన్నాడట. ముంజేతుల నిండా కాలిన మచ్చలు. పొగ రంగు చూసి తారు ఎంత కాగిందో చెబుతాడని, థర్మామీటరు పెట్టి చూస్తే అయిదు డిగ్రీలు కూడా తేడా రాదని కూలీలు గొప్పగా చెప్పుకున్నారు.

అతను పీచు కట్టలోంచి ఒక గుప్పెడు తీసి, చెంపకు ఆనించుకుని, కాసేపు అలాగే నిలబడ్డాడు.

"మేడం, జర ఆగుదాం. పీచు తడిగున్నది."

"ఎలా తెలుసు?"

"సల్లగ తగుల్తుంది. ఎండిన పీచు గుచ్చుకుంటది గని సల్లగుండదు. రెండు దినాలు ఎండబెడ్తే ఏం బోతది?"

ఏం పోతుందో అతనికి తెలియదు. వీధి మూయడానికి అనుమతి ఈ ఒక్కరోజుకే. మళ్లీ అడిగితే జూన్ పది, అప్పటికి వానలు. ఆ మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అది వాదన కాదు, ఇబ్బంది. ఇబ్బందిని చెప్పుకుంటే ఓడిపోయినట్టు.

"కంకర నూట అరవై అయిదు డిగ్రీల మీద ఉంది. నీళ్లు నూరుకే ఆవిరవుతాయి. అంత వేడిలో పడిన పీచులో తడి ఎంతసేపు నిలుస్తుంది? నువ్వే చెప్పు."

"ఆవిరయితది. అయినంక ఎటు బోతది మేడం? ఎంటనే తారు కప్పేస్తిమి. లోపల్నే తిర్గుతది."

"మిక్సర్ నోరు తెరిచే ఉంది. నీ నోటికంటే పెద్దది. అందులోంచి పోతుంది."

అందరూ నవ్వారు. కూలీలు నవ్వారు, కాంట్రాక్టరు నవ్వాడు, వీధిలో అరుగుల మీద నిలబడి చూస్తున్నవాళ్లు నవ్వారు. ఉప్పలయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి అక్కడితో ఆపి ఉండవచ్చు.

"నువ్వు చెంపతో చూస్తున్నావు, నేను థర్మామీటరుతో చూస్తున్నాను. ఈ రెండింటిలో ఏది పొరపడుతుందో రాఘవేందర్ గారినే అడుగు" అన్నాను.

తాడు దగ్గర నిలబడి ఉన్న రాఘవేందర్ గారు గడియారం చూసుకుని, "కానియ్యి ఉప్పలయ్యా" అన్నారు.

ఇంకొక మాట కూడా అన్నాను. వేడిలో దొర్లిన మాట. ఇక్కడ రాసేంతటిది కాదు.

పీచు వేయగానే మిక్సర్ నోట తెల్లగా లేచింది. పొగ అని నోటుబుక్కులో రాసుకున్నాను. అక్కడక్కడ పీచు ఉండలు కట్టింది, పారతో విడదీశారు. నాలుగింటికి నారాయణగూడలో వక్తృత్వ పోటీ ఫైనల్ ఉండడంతో చివరిదాకా ఉండలేకపోయాను. మొదటి బహుమతి. అంశం అప్పుడే మరిచిపోయాను.

మే 25

రోలర్ తొక్కిన రోడ్డు నల్లగా, నున్నగా, చూడముచ్చటగా ఉంది. దూరంనుంచి చూశాను.

జూన్ 14, శనివారం

వాన. మొదటిసారి అసలైన వాన. రాత్రి బాగా నిద్రపట్టింది.

జూన్ 16

బాగా నిద్రపట్టింది.

జూన్ 18, బుధవారం

అమ్మ కూరగాయలకు ఆ వీధి మీదుగా వెళ్లి వచ్చి, చెప్పు అడుగున ఇరుక్కున్న కంకర రాయిని పిన్నీసుతో తీస్తూ, "మీ రోడ్డు రాళ్లు గిట్ల లేస్తున్నయేందే?" అంది.

వెళ్లి చూశాను. ఆటోలు తిరిగే రెండు చాళ్లలోనూ పైపొర విడిచిపోయింది. వంగి ఒక రాయి తీశాను. తారు ఊడి, కడిగినంత తెల్లగా ఉంది. ఉతికిన రాయిలాగ. వేళ్లకు మసి కూడా అంటలేదు. తారు పట్టిన రాయి ఇలా ఉండదు. రాయికీ తారుకూ నడుమ నీళ్లు చొరబడితేనే ఇలా ఉంటుంది. ఎక్కడి నీళ్లు? వాన నీళ్లు కావచ్చు.

ఇరవై అడుగులు నడిచి వెనక్కి వచ్చాను. ఇక అటు వెళ్లను. వెళ్లినంత మాత్రాన శాస్త్రానికి ఒరిగేది లేదు.

జూన్ 26, గురువారం

ప్రొఫెసర్ గారు పిలిచారు. కాంట్రాక్టరు రాసి ఇచ్చాడట: మిక్సర్ దగ్గర ఉప్పలయ్య తారు తక్కువ పోశాడు, మిగిలిన పీపా బయట అమ్ముకున్నాడు, అందుకే రోడ్డు లేచిపోయింది. ఉప్పలయ్యను పనిలోంచి నిలిపేశారు. జూలై 15న రాఘవేందర్ గారి ఆఫీసులో విచారణ. తేలితే అతని పేరు అన్ని ఆఫీసులకూ వెళుతుంది. ఈ ఊళ్లో ఏ కాంట్రాక్టరూ ఇక అతన్ని మిక్సర్ దగ్గరికి రానివ్వడు.

"మన అంకెలు సక్రమంగా ఉన్నాయి. నువ్వు ఆందోళన పడనవసరం లేదు" అన్నారు ప్రొఫెసర్ గారు.

"నేను ఆందోళన పడటం లేదండి" అన్నాను.

బయటికి వచ్చి ఇరానీ హోటల్లో చాయ్ చెప్పి, తాగకుండా లేచాను. కాంట్రాక్టరు వాదం ఎంత నున్నగా ఉంది! అందులో అందరికీ చోటుంది. ప్రొఫెసర్ గారి అంకెలకు, ఆఫీసు పేరుకు, కాంట్రాక్టరు బిల్లుకు, నా పుస్తకానికి. ఒక్క ఉప్పలయ్యకే లేదు.

జూన్ 27

లైబ్రరీలో పోటీ పరీక్షల కుర్రాళ్ల నడుమ కూర్చుని, అలవాటు ప్రకారం కాగితాన్ని నిలువుగా మడిచి రెండు పక్షాలూ రాశాను.

నేను మౌనంగా ఉండవచ్చుననే పక్షం: తారు నిజంగా తక్కువ పోసి ఉండవచ్చు. ఆ రోజు చివరిదాకా నేను లేను. పీచు వేయమని ఆజ్ఞ ఇచ్చింది ఇంజినీరు, నేను కాను. నేను కేవలం వాదించాను. విద్యార్థి మాటకు అధికారి తలవంచితే బాధ్యత అధికారిది. ఒక దిమ్మ ఫలితం శాస్త్రం కాదు. నా పరిశోధన ఆగితే పీచు రోడ్డు అనే ఆలోచనే మరో పదేళ్లు వెనక్కి పోతుంది; అప్పుడు నష్టపోయేది నేనొక్కదాన్నే కాదు. ఇలా మూడు పేజీలు. చదువుతుంటే నాకే ముచ్చటేసింది.

రెండో పక్షం కింద ఒక్క వాక్యమే రాయగలిగాను: అతను ఆగమన్నాడు.

దానికి ఖండన రాయడానికి గంటసేపు ప్రయత్నించాను.

జూలై 2, బుధవారం

దారి దొరికింది.

ఫణీంద్ర చేత రోడ్డు ముక్క తెప్పించి, ప్రయోగశాలలో ద్రావకంతో తారు కడిగి తూచాను. పోయవలసినంత తారు ఉంది, వీసం కూడా తగ్గలేదు. ఉప్పలయ్య దొంగతనం చేయలేదు. ఈ కాగితం ఒక్కటి రాఘవేందర్ గారి బల్ల మీద పెడితే చాలు, అతను బయటపడతాడు. నేను వేరే ఏమీ చెప్పనక్కరలేదు.

ఫణీంద్ర కాగితం చదివి తల ఊపాడు.

"మంచిదే. తారు సరిపోయిందంటవు. అప్పుడు ఆయన అడుగుతడు, మరి ఎందుకు లేచిందమ్మా అని."

"వాన."

"పక్క వీధిల వాన పడలేదా? అక్కడ పీచే లేదు. రోడ్డు మంచిగున్నది."

"చాళ్లలో నీళ్లు నిలిచి..."

"పోటీల గాదు దమయంతీ, ఇక్కడ నేనొక్కణ్నే ఉన్న" అన్నాడు.

ఆ తరువాత బీకర్లు కడుగుతూ, నా వైపు చూడకుండా అన్నాడు: "ఎర్ర గీత కింద అంకె నా చేతిరాత. నేనైతే పోయి చెప్ప. చెప్తే నువ్వే చెప్పాలె."

పిరికితనం అని తిట్టాను. ఎవరిది అని అడగలేదు అతను.

జూలై 6, ఆదివారం

కవాడిగూడ వెళ్లాను. ఎందుకు వెళ్లానో సిద్ధం చేసుకునే వెళ్లాను: తారు పరీక్ష ఫలితం చెప్పి, విచారణలో అతని తరఫున వాదిస్తానని ధైర్యం ఇవ్వడానికి.

రెండు గదుల ఇల్లు. ఉప్పలయ్య వాకిట్లో పీట మీద కూర్చుని గొడ్డలికి పిడి బిగిస్తున్నాడు. నన్ను చూసి లేచి, పీట నా వైపు జరిపి, తాను గడప మీద కూర్చున్నాడు. అతని భార్య కమలవ్వ చాయ్ తెచ్చింది. మనిషి సన్నం, గొంతు గట్టిది.

"ఈమెనేనా?" అంది అతన్ని.

"ఊ."

తారు కాగితం తీసి చదివి వినిపించాను. అయిదున్నర శాతం. దొంగతనం అబద్ధమని ఇది రుజువు చేస్తుందని, విచారణలో ఎలా మొదలుపెడతానో, కాంట్రాక్టరును ఏ మూడు ప్రశ్నలతో నోరు మూయిస్తానో చెప్పుకొచ్చాను. నా గొంతు నాకే బాగా వినిపించింది.

ఉప్పలయ్య కాగితం అందుకుని మడిచి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు నా దిక్కు మాట్లాడొద్దు మేడం."

"ఎందుకు?"

"మాట్లాడినవంటే మళ్ల నువ్వే గెలుస్తవు. నేనేం జెప్పిన్నో ఎవరికి ఇనబడదు."

కమలవ్వ గ్లాసులు తీయడానికి వంగి, తీయకుండానే నిలబడింది.

"బిడ్డా, ఒకటడుగుత. ఆ దినం ఈయనను ఏమో అన్నవట. నవ్విండ్రట అందరు. ఏమన్నదయ్యా అంటె చెప్పడు. చదువుది ఏదో మాట అంటడు, అక్కడ ఆగుతడు. నెలన్నరాయె. నువ్వే చెప్పు. ఏమన్నవు?"

"వద్దులేవే" అన్నాడు ఉప్పలయ్య.

"నువ్వుండు. అన్న ఆమెనే చెప్తది."

మే 24న ఇక్కడ రాయని మాటను, జూలై 6న ఒక వాకిట్లో, చాయ్ గ్లాసు పట్టుకుని, అతని భార్యకు చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను.

"ఉప్పలయ్యా, చదువు లేకపోవడం తప్పు కాదు. దానికి అనుభవమని పేరు పెట్టుకోవడం తప్పు."

ఆ రోజు ఈ వాక్యం కుదిరిన తీరుకు నాకు లోలోపల ఎంత గర్వమైందో కూడా రాయాలి. నిన్నటిదాకా ఆ గర్వం పోలేదని కూడా రాయాలి.

కమలవ్వ కాసేపు ఆ మాటను తనలో తాను కూడబలుక్కుంది. "మాట మంచిగ కూర్చినవు" అంది చివరికి. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచాను. అది కూడా చక్కటి వాక్యంగా తయారవుతున్నదని తెలిసి ఆగిపోయాను.

"పీచు తడిదే, కాకా" అన్నాను. "నాకు తెలుసు. అంతకుముందే తెలుసు. ప్రయోగశాలలో ఒక దిమ్మ చెప్పింది. దాన్ని లెక్కలోంచి కొట్టేశాను."

ఉప్పలయ్య పిడి మీది గొడ్డలిని ఒకసారి కదిపి చూశాడు.

"అది చెప్పు పదిహేనుకు. అడిగినకాడికే చెప్పు. ఎక్కువ చెప్పకు" అన్నాడు.

జూలై 8

ప్రొఫెసర్ గారికి నోటుబుక్కు చూపించాను. ఆయన ఎర్ర గీతను వేలితో తడిమి, "ఇది విచారణకు సంబంధించినది కాదు" అన్నారు. "సంబంధించినదేనండి" అన్నాను. "అయితే ఆగస్టు గురించి మరిచిపో" అన్నారు. కోపంగా అనలేదు. తీర్పు చదివినట్టు అన్నారు.

జూలై 14

రేపు చెప్పడానికి ఏడు పేజీలు రాశాను. ప్రారంభం అద్భుతంగా వచ్చింది. ఏడూ చించేశాను.



జూలై 15, మంగళవారం

బల్లకు అవతల రాఘవేందర్ గారు. ఒక పక్క కాంట్రాక్టరు, ఇంకో పక్క ప్రొఫెసర్ గారు పంపిన ఉత్తరం. ఉప్పలయ్య ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో నిలబడి ఉన్నాడు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

కాంట్రాక్టరు అయిదు నిమిషాల్లో తన మాట ముగించాడు. ఆ అయిదు నిమిషాల్లో నాకు తొమ్మిది చోట్ల ఖండన తట్టింది.

"ఉప్పలయ్యా, నువ్వేమంటావు?"

"తారు మంచిగనే పోసిన సార్."

"మరి రోడ్డెందుకు లేచింది?"

అతను మొదలుపెట్టాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక శుక్రవారం గాలివాన దగ్గర మొదలుపెట్టి, టార్పాలిన్ ఎవరు కట్టారన్న దగ్గర తప్పిపోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు. మాట తడుముకున్నాడు. ఒక్కో వాక్యం ఎక్కడ ముగియాలో నాకు కనిపిస్తోంది; అందించడానికి పెదవులు కదిలాయి. అందించలేదు. పన్నెండు నిమిషాలు పట్టింది అతనికి. నా ఒంట్లో ప్రతి నరమూ ఆ పన్నెండు నిమిషాలూ లెక్కపెట్టింది.

"చెంపకు పెట్టి చూసిన. సల్లగున్నది. ఆగుదామన్న. ఆగలే" అని ముగించాడు.

రాఘవేందర్ గారు నా వైపు తిరిగారు. "ఇతను ఆగమన్నాడా?"

"అన్నాడు."

"మీరేమన్నారు?"

చెప్పాను. మిక్సర్ నోటి మాట, థర్మామీటరు మాట, చదువు మాట, మూడూ. ఈసారి ఎవరూ నవ్వలేదు. గుమాస్తా తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ దించుకుని రాసుకున్నాడు.

"పీచు తడిస్తే ఇట్లా అవుతుందని మీకు ముందు తెలుసా?"

నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టాను. "ఆరో దిమ్మ. తడి పీచుతో చేసింది. నలభై ఎనిమిది శాతం. గీత నాది. బిగింపులో లోపమన్నది అబద్ధం." తారు కడిగిన కాగితం పక్కన పెట్టాను. "తారు సరిపోయింది."

ఎక్కువ చెప్పలేదు. ఆ రోజు గడియారం చూసుకుని కానియ్యమన్నది తానేనని ఆయనకు గుర్తు చేయవచ్చు. వాక్యం నాలుక మీద ఉంది. మింగాను.

ఆయన నోటుబుక్కును తన వైపు తిప్పుకుని ఆ ఎర్ర గీతను చూశారు. తరువాత అలసటగా, "అయితే ఈ పీచు వ్యవహారం పనికిరాదన్నమాట. మూసేద్దాం" అన్నారు.

"అట్లెట్ల సార్?" అన్నాడు ఉప్పలయ్య.

అందరం అతని వైపు చూశాం.

"పీచు మంచిదే. మూల మీద ఎనిమిది మీటర్లు పోయి చూడుండ్రి. మేడం మూడున్నరకు పోయింది. ఆమె పోయినంక లోపలి కట్టలు ఇప్పినం. పొయ్యి పక్క రేకు మీద పరిచి, గలగలమనేదాక ఎండబెట్టి కలిపిన. గా ముక్క ఒక్క రాయి లేవలే. దినాం పోయి చూస్తున్న నేను. మిగిలిన రోడ్లకన్న అదే గట్టిగున్నది."

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగిండ్రు సార్? అందరు తారు సంగతే అడిగిరి." నా వైపు చూడకుండా అన్నాడు. "నేను పీచు వద్దనలే. ఆగుమన్న."

రెండు నెలలుగా నేను ఎవరితో వాదిస్తున్నాను? పీచును వ్యతిరేకించే ఒక మనిషిని నాకు నేనే కల్పించుకుని, అతనికి ఉప్పలయ్య ముఖం తగిలించి, అందరి ముందూ ఓడించాను. అలాంటి మనిషి ఆ వీధిలో లేనే లేడు.

దొంగతనం ఆరోపణ కొట్టేశారు. ఉప్పలయ్య తిరిగి పనిలోకి వెళ్లవచ్చునని, నా పరిశోధన ఫలితాలను ఆఫీసు ఒప్పుకోదని, రెండూ ఒకే కాగితం మీద రాశారు. సంతకం పెట్టే ముందు రాఘవేందర్ గారు, "మీరు ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?" అని అడిగారు.

"లేదండి" అన్నాను.

జూలై 16

ప్రొఫెసర్ గారు ఏడాది వాయిదా వేశారు. పరీక్షలన్నీ మొదటినుంచి. లెక్చరర్ ఉద్యోగానికి వేరే పేరు పంపారు. నాన్న గారెల చట్నీ గిన్నె నా దగ్గరికి జరిపాడు.

ఫణీంద్ర వచ్చి, "దిమ్మలు ఎన్ని చెయ్యాలె?" అని అడిగాడు. రెండు వందలు అన్నాను. "దెబ్బలు నువ్వు లెక్కపెట్టు" అన్నాడు.

జూలై 17, గురువారం

పొద్దున్నే ఆ వీధికి వెళ్లాను. తుంపర. చాళ్లలో నీళ్లు, చెల్లాచెదురుగా తెల్ల రాళ్లు. మూల దగ్గర రోడ్డు ఉన్నట్టుండి నల్లబడింది. ఎనిమిది మీటర్లు, గీత గీసినట్టు. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఒక్క బీట లేదు.

పని వేళకు ముందే వచ్చినట్టున్నాడు, ఉప్పలయ్య అప్పటికే అక్కడున్నాడు. చెప్పు విడిచి, బొటనవేలితో రోడ్డు అంచును నొక్కి చూస్తున్నాడు.

"కాకా."

"వచ్చినవా?" అన్నాడు. అంతే. క్షమించినట్టూ లేదు, కోపమున్నట్టూ లేదు. కాసేపటికి తానే అడిగాడు. "ఒకటి చెప్పు మేడం. ఇది లోపల ఏం చేస్తది? అందరు పీచుకు బలం, బలం అంటరు. ఎట్ల బలమో నాకెవరు చెప్పలే."

అరుగు మీద కూర్చుని చెప్పాను. రాయిని రాయితో కట్టేది తారు. ఎండాకాలం తారు మెత్తబడి కిందికి జారుతుంది, పైన రాళ్లు పలచబడతాయి. పీచు తారును పీల్చుకుని ఎక్కడిదక్కడ పట్టి ఉంచుతుంది. అందుకని ప్రతి రాయి చుట్టూ మందమైన పొర నిలుస్తుంది. బండి పోయినప్పుడల్లా రోడ్డు వెంట్రుకవాసి వంగుతుంది, వంగినచోట బీట పుడుతుంది. ఆ బీటకు అడ్డంగా పీచు పోగులు పడి ఉంటే రెండు పక్కలనూ పట్టుకుంటాయి. బీట ముందుకు సాగాలంటే ఒక్కో పోగునూ తెంచుకోవాలి.

"పోగు ఎంత పొడుగుండాలె?"

"వేలి కణుపులో సగం. మరీ పొడుగైతే ఉండ కడుతుంది."

"కట్టింది ఆ దినం" అన్నాడు. "మరి నైలాన్ పోగు ఎయ్యరాదా? అది నీళ్లు తాగదు గద."

"వెయ్యవచ్చేమో. ఈ వేడికి ఏమవుతుందో నాకు తెలియదు."

తల ఊపాడు. "తడి ఉంటె?"

"పోగు తాగేది తారునే. అందులో ముందే నీళ్లుంటే తారుకు చోటుండదు. వేడికి ఆ నీళ్లు బయటికొచ్చి రాయికీ తారుకూ నడుమ చేరతాయి. వాన పడగానే రాయి వదిలేస్తుంది."

ఉప్పలయ్య చెప్పులో కాలు దూర్చుకుని, తుంపరలో కవాడిగూడ వైపు రెండడుగులు వేసి, ఆగి వెనక్కి తిరిగాడు.

"గిదంత ఆ దినం నాకు చెప్పుంటే, చెప్తుండంగనే ఎండబెట్టాలెనని నువ్వే అందువు గద."

"అనేదాన్ని" అన్నాను.